అన్నకు కారు, తమ్మునికి పాటలు

పోయిన నెలలో కొత్త కారు కొన్నాను. తాళంచెవి చేతికిచ్చే ముందు షోరూము అమ్మాయి ఒకతి నా పక్క సీట్లో కూర్చొని, ముందరున్న పలకంత తెర మీద వేలు జరుపుతా అన్నీ చూపించింది. "ఫోను కలిపితే సాలు ఆంటీ, లోకంలో ఉండే పాటలన్నీ వస్తాయి. నోటితో అడిగినా పెడతాది" అనింది. ఆంటీ అన్నందుకు లోపల చురుక్కుమన్నా పైకి నవ్వి, "అదంతా సరేమ్మా, ఇది యాడ పెట్టాల?" అని హ్యాండుబ్యాగులోంచి పెన్‌డ్రైవు తీసినాను. దాని తోకకు ధర్మవరం చీర కుచ్చులోంచి తెంపిన ఎర్రపట్టు పోగు కట్టి ఉంటాది. ఆ పిల్ల దాన్ని మా అవ్వ ముక్కుపుడకను చూసినట్ల చూసింది. వెతికి వెతికి గేరు ముందర ఒక చిన్న సందు కనిపెట్టి అందులో పెట్టింది. తెర మీద మూడు పేర్లొచ్చినాయి. పెనుకొండ దాకా. ధర్మవరం దాకా. వాపసు. "ఇదేంది ఆంటీ, పాటలకు బస్సు బోర్డులు పెట్టినారే! వాపసు అంటే ఏం పాటలు?" అని అడిగింది. చెప్పబోయి, యాడ మొదలుపెట్టాల్నో తెలీక, "తిరిగొచ్చేటప్పుడు వినేవిలేమ్మా" అని తప్పించుకున్నాను. దానికి అసలు జవాబు ఇంత పొడుగుంటాదని ఆడ నిలబడి ఎట్ల చెప్పేది?

మాది హిందూపురంలో బట్టలంగడి. మా పెద్దనాయన, మా నాయన, ఇద్దరికీ కలిపి ఒక అంగడి, ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఒక తెల్ల అంబాసిడరు. ప్రతి బేస్తవారం పొద్దున్నే ఇద్దరూ ఆ కార్లో పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, మగ్గాలోళ్ల దగ్గర పట్టుచీరలు ఏరుకొని, ఆడనే భోంచేసి, సాయంత్రానికి ఇల్లు చేరుకునేది. కారు తోలేది పెద్దనాయన. నాయనకు తోలడం రాదు. ఒకే ఒక్క తూరి నేర్చుకుందామని ఎక్కి, మా ఇంటి ముందరున్న కుడితి తొట్టిని ముక్కలు చేసినాడు. ఆవు కూడా ఆయన్ని చాన్నాళ్లు నమ్మలేదు. అప్పటి నుంచి ఆయన చోటు ఎడమ పక్క సీటు, ఆయన పని పాటలు పెట్టేది. పెద్దనాయనకేమో ఆ డబ్బాలో ఏ బటను యాడ ఉండాదో తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. "నాకు రెండు చేతులే ఉండేది. రెండూ చక్రానికే సరిపోతాయి" అనేవాడు.

ఇద్దరి గుణాలూ కూడా అట్లే. పెద్దనాయన నిటారు మనిషి. మాటంటే మాట, కాగితమంటే కాగితం. చీరలో ఒక పోగు తప్పినా పదిమంది ముందర విప్పి చూపించే రకం. నాయన మెత్తన. అంగట్లో బేరమాడతా ఆడతా పక్కింటి రేడియోలో మంచి పాటొస్తే బేరం మర్చిపోయేవాడు. తొంభైల్లో అన్నీ క్యాసెట్లు. బిస్కెట్ల రేకుడబ్బాల్లో పేర్చి, వాటిని వెనక సీటు కింద పెట్టేవాడు. మా పక్క ఎండలు తెలుసు గదా, ఒక తూరి ఎండాకాలం మధ్యాన్నం డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయిన క్యాసెట్టు దోసె మాదిరి వంగిపోయింది. నాయన దానికి ఇంట్లో ఎవరో పోయినంత బాధపడినాడు. పెద్దనాయన మాత్రం "మంచిదాయె, అందులో ఒక్కటన్నా వినే పాట ఉన్యా?" అన్నాడు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, చెనిక్కాయ చేలు పచ్చగా ఉండే కాలంలో, ఒక బేస్తవారం సాయంత్రం వాళ్లిద్దరూ బస్సు దిగి ఇంటికి కాలినడకన వచ్చినారు. తలకాయల మీద ఎర్రమట్టి, నాయన చొక్కా జేబులో చెనిక్కాయ ఆకు. అయిందేమంటే, ధర్మవరం మెస్సులో రాగిముద్దా పప్పూ కడుపునిండా తిని బయలుదేరినారు. హైవే ఎక్కకముందే పెద్దనాయనకు కునుకు పట్టింది. కారు దావ దిగి చేన్లో యాభై గజాలు పోయి ఒక గట్టుకు తగిలి నిలిచింది. దెబ్బలేం తగల్లేదు, వెనకున్న చీరల మూట వచ్చి నాయన తల మీద పడింది, అంతే. చేను రైతు పరిగెత్తుకొని వచ్చి, "ఏమప్పా, దావ అంత వెడల్పుంటే నా చేన్లోకే వస్తిరే!" అన్నాడంట. పెద్దనాయన అది చెప్పి చెప్పి నవ్వినాడు, ఇంట్లో అందరూ నవ్వినారు. నాయన నవ్వలేదు. ఎందుకంటే ఆయన కూడా నిద్రపోతా ఉన్నాడు. ఆ రాత్రి అమ్మతో అంటాంటే విన్నాను, "అన్న తోలి తోలి అలిసిపోయినాడు, అది తప్పు గాదు. నేను ఊరికే కూర్చొని గూడా నిద్రపోయినా. నేనొక్కన్ని మేలుకొని ఉంటే చాలు గదా?"

ఆ వారం నుంచి మా నాయనకు పాటలు సరదా కాకుండా ఉద్యోగమైపోయినాయి. బజార్లో రికార్డింగు అంగడతనికి చీటీలు రాసిచ్చి తొంభై నిమిషాల క్యాసెట్లు నింపించేవాడు. అతను ఒక పాట మార్చి ఇంకొకటి ఎక్కిస్తే తిరిగి పోయి కొట్లాడేవాడు. జీవితంలో ఎవరితోనూ గొంతెత్తని మనిషి, పాటల వరస కోసం మాత్రం గొంతెత్తేవాడు. తెలుగు పాటలు, కన్నడ పాటలు, డప్పు పాటలు, హరికథలు, నవ్వులాట పాటలు, మా పక్క భజన గుంపులు పాడే తత్వాలు. మా ఊర్లో కన్నడం సగం ఇంటి భాషే కాబట్టి ఆ తేడా ఎవరికీ ఉండేది కాదు. నేను డిగ్రీ ముగించుకొని హిందూపురంలోనే ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేకి చేరేనాటికి ఇంట్లో రేకుడబ్బాలు పదునాలుగు, క్యాసెట్లు నాలుగువందల పైన.

అప్పుడే ఎంపీత్రీ సీడీలొచ్చినాయి. ఒక్క సీడీలో నూటయాభై పాటలు పడతాయంటే నాయన నమ్మలేదు. నమ్మినాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పెద్దనాయనకేమో అనుమానం. "అంత పల్చని దాంట్లో అంతమందిని కుక్కితే గొంతులు నలగవా పాపా?" అని నన్నడిగినాడు. నలగవని నేను పూచీ ఇచ్చినాను. బయట దొరికే పాటలు సరే, క్యాసెట్లలో మాత్రమే ఉండేవాటిని ఏం చేసేది? టేపురికార్డరుకూ కంప్యూటరుకూ ఒక వైరు కలిపి, క్యాసెట్టు మొత్తం పాడిందాకా కాచుకొని, ముక్కలు ముక్కలుగా ఎక్కించుకోవల్ల. ఒక ఎండాకాలమంతా సెంటరు మూసినాక నాయనా నేనూ అదే పని. నాయన కళ్లు మూసుకొని వింటా, పాట అయిపోయేచోట చెయ్యెత్తేవాడు, నేను బటను నొక్కేదాన్ని. ఆ ఎండాకాలంలో మా నాయనతో మాట్లాడినంత అంతకు ముందూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. మాట్లాడిందంతా పాటల గురించే అనుకోండి. అయినా ఆ ఎండలకు ఈ రోజుకీ మొక్కుతాను.

మొదట సీడీలు, తర్వాత రెండేళ్లకు కార్లో పాటలు పాడే పెట్టె మార్పించి పెన్‌డ్రైవు. మొత్తం రెండువేల చిల్లర పాటలు. వీటిని నేను తెలివిగా సినిమాల పేర్లతోనో పాడినోళ్ల పేర్లతోనో సర్దుదామంటే నాయన ఒప్పుకోలేదు. "పాట ఎవరు పాడినారని గాదు పాపా, యాడ వినాల అనేది ముఖ్యం" అని మూడే ఫోల్డర్లు, ఆయన మాటలో పెట్టెలు, చేయించినాడు, దావను బట్టి. ఇంటి నుంచి పెనుకొండ దాకా దేవుని పాటలూ తత్వాలూ. పెనుకొండ కొండ కనపడినప్పటి నుంచి ధర్మవరం దాకా పాత పాటలు. తిరిగొచ్చేటప్పుడు వాపసు. మొదటి పెట్టెలో ఒక తత్వం ఉండేది, ఒక భజన గుంపుది. ప్రతి ముక్కా మూడుతూర్లు పాడి, తాళాలు వాయించి, మళ్లా మొదటికి వస్తారు. ఏడు నిమిషాలు. పెద్దనాయనకు అది ప్రాణం. క్యాసెట్ల కాలంలో, నేను చిన్నగా ఉన్నప్పుడు, సెలవుల్లో నన్ను కూడా ఎక్కించుకుంటే, అది మొదలవగానే నేను వాంతి వస్తాందని అబద్ధం చెప్పి కారు ఆపించేదాన్ని. కారు ఆగేది గానీ పాట ఆగేది కాదు.

వాపసు పెట్టె సంగతి నాకు తెలిసింది నా తప్పు వల్లనే. ఆ పెట్టెలో ప్రతి అయిదో పాట పెద్దనాయనకు గిట్టని పాట ఉండేది. ఒకదాంట్లో పాడేవాడు మధ్యలో ఉత్తపుణ్యానికి నవ్వుతాడు. ఇంకోదాంట్లో లారీ హారను మాదిరి మోత, ఆయన ప్రతి తూరీ అద్దంలో వెనక్కి చూసేవాడు. మరొకటి బట్టలంగడోళ్లను ఎక్కిరించే తమాషా పాట. అవి వచ్చినప్పుడల్లా "తీయిరా దాన్ని! ఇదొక పాటనా? దీనికొక సంగీతమా?" అని పెనుకొండ దాకా తిట్టుకుంటా తోలేవాడంట. పాపం పెద్దాయన, ఎందుకీ బాధ అని, ఒక తూరి పెన్‌డ్రైవు సర్దేటప్పుడు అవన్నీ నేనే తీసేసినాను. మంచిపని చేసినానని సంతోషపడినాను కూడా. ఆ బేస్తవారం ఇంటికొచ్చిన నాయన ముఖం నల్లగా ఉండింది. నన్ను పక్కకు పిలిచి, "ఎవరు తీయమన్నారు నిన్ను? మీ పెద్దనాయన ఈ పొద్దు రెండుతూర్లు తల వాల్చినాడు. మంచి పాటలు పెడితే మనిషి హాయిగా నిద్రపోడా? ఆయనకు కోపమొస్తే రెండు మైళ్లు నిద్ర రాదు. అయిదు పాటలకొకటి లెక్కన పెట్టుకున్నా, పదేండ్లుగా చూసి చూసి!" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, "ఇది ఆయనకు చెప్పొద్దు. తెలిస్తే కోపం రాదు" అన్నాడు. నేను అన్నీ తిరిగి ఎక్కించినాను.

ఇంత చెప్పినాక మా ఇంట్లో భాగాలు పంచుకున్న సంగతి చెప్పక తప్పదు. మా అన్నలు పెద్దోళ్లయినారు, పెండ్లిండ్లు అయినాయి, ఒక అంగడి అందరికీ ఇరుకైంది. కొట్లాట ఏం లేదు. ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి కూర్చున్నారు. ఇల్లు, అంగడి, అన్నీ సాఫీగా తెగినాయి. కారు కాడ ఆగింది. పెద్దమనిషి ఒకాయన కారు ఎవరికి అని అడిగితే, పెద్దనాయన మామూలుగా, ఏ కల్మషం లేకుండానే, "ఇన్నేండ్లూ తోలింది నేనే గదప్పా. వాడు పక్కన కూర్చొని పాటలు వినింది తప్ప ఏం చేసినాడు?" అన్నాడు. నేను కాఫీ గ్లాసుల పళ్లెంతో తలుపు దగ్గర ఉన్నాను. నాయన నా వైపు ఒక్క తూరి చూసినాడు. నేను చెప్పేస్తానని భయపడినాడేమో. తర్వాత తల దించుకొని, "అయితే కారు అన్నకే రాయండి. పాటలు నాకు రాయండి" అన్నాడు. అందరూ తమాషా అనుకున్నారు. నాయన తమాషా చేయలేదు. పెద్దనాయనకు కూడా పట్టుదల వచ్చి, "రాయండి, వానికేం గావాలంటే అదే రాయండి" అన్నాడు. కాగితంలో అట్లే పడింది. కారు పెద్దవారికిన్నీ, కారులోని పాటలు యావత్తూ చిన్నవారికిన్నీ.

మరుసటి రోజు పొద్దున్నే పెద్దనాయన మా భాగానికొచ్చి, పెన్‌డ్రైవు, సీడీల పెట్టె, పదునాలుగు రేకుడబ్బాలూ వరసగా గుమ్మంలో పెట్టించినాడు. అంతటితో ఆగితే ఆయన మా పెద్దనాయనెట్ల అవుతాడు? జేబులోంచి ఫోను తీసి నాకిచ్చి, "పాపా, ఇందులో ఎవరన్నా చేస్తే మోగే పాట ఉండాది. అది గూడా మీ నాయన భాగంలోదే. తీసెయ్యి" అన్నాడు. "రింగుటోను గూడానా పెద్దనాయనా?" అంటే, "యావత్తూ అని రాసుండారు గదమ్మా" అన్నాడు. తీసేసినాను. ఆ రోజు నుంచి ఆయన ఫోను ట్రింగు ట్రింగుమని గవర్నమెంటు ఆఫీసు ఫోను మాదిరి మోగేది.

ఇట్ల ఒకరి దగ్గర పాటల్లేని కారు, ఇంకొకరి దగ్గర కారు లేని పాటలు. నాయన ఇంట్లో కంప్యూటరుకు రెండు స్పీకర్లు పెట్టించుకొని కొన్నాళ్లు విన్నాడు. "ఏందోమ్మా, ఇవి ఇంట్లో కూర్చొని వింటే బాగలేవు" అనేవాడు. కానీ బేస్తవారం మధ్యాన్నం రెండున్నరకు మాత్రం అంగడి వదిలి ఇంటికొచ్చి, ఆ కంప్యూటరు ముందర కూర్చొని, వాపసు పెట్టె తెరిచేవాడు. మొదటి పాట నుంచి వరసగా. మధ్యమధ్యలో గోడ గడియారం చూసేవాడు. "ఇప్పుడు మెస్సులో చెయ్యి కడుక్కొనింటాడు." మూడు పాటలయినాక, "ఇప్పుడు ఆ చేలకాడికి వచ్చింటాడు." అయిదో పాట, ఆ నవ్వుల పాట వచ్చినప్పుడు సౌండు పెంచేవాడు. నలభై మైళ్ల అవతలున్న అన్నకు వినపడాలని పెంచినట్లుండేది. సాయంత్రం పెద్దనాయన కారు హారను ఇంటి ముందర మోగినాక కంప్యూటరు ఆపి కాఫీ అడిగేవాడు. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చేవి. పోయి చెప్పొచ్చు గదా! చెప్పడు. "ఊరికే కూర్చున్నాడు అన్నాడు గదా, ఊరికే కూర్చున్నా" అంటాడు.

ఇంగ నేనే పూనుకున్నాను. ఒక సీడీలోకి వాపసు పాటలన్నీ కాపీ చేసి పెద్దనాయన దగ్గరికి పోయినాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "అవి మీ నాయనవి" అన్నాడు. నేను సెంటర్లో పిల్లలకు చెప్పినట్ల ఓపిగ్గా చెప్పినాను. ఇది కాపీ, అసలుది నాయన దగ్గరే ఉంటాది, ఎన్ని కాపీలు తీసినా ఆయనకు ఒక్క పాట కూడా తగ్గదు. పెద్దనాయన అంతా విని, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "వానికి తగ్గదు, సరే. నాకు పెరుగుతాది గదమ్మా. కారుకు కారూ ఉండి, పాటలకు పాటలూ ఉంటే అది సమభాగం ఎట్లయితాది?" అన్నాడు. సీడీ తీసుకొని వచ్చేసినాను.

అయిదో వారం పెద్దమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. పెద్దనాయన ముందు రోజు ధర్మవరం నుంచి వచ్చి, మేక అడ్డమొచ్చి బ్రేకు కొట్టినానని చెప్పినాడంట. "మేకేం గాదు పాపా. కారు ముందర ఇనుముకు ఇవి చుట్టుకొని ఉన్యాయి" అని కొంగు విప్పి చూపించింది. వేర్లతో సహా చెనిక్కాయ చెట్లు, ఇంకా మన్ను కూడా ఆరలేదు. నేను వాటిని తీసుకొచ్చి నాయన ముందర కంప్యూటరు బల్ల మీద పెట్టినాను. నాయన ఆ చెట్లను చేతిలోకి తీసుకున్నాడు. ఒక కాయ గిల్లి, చిన్న గింజలు, ఇంకా పాలు కూడా గట్టిపడలేదు, వేళ్ల మధ్య నలిపినాడు. "బేస్తవారం సెలవు పెట్టు" అన్నాడు నాతో.

ఆ బేస్తవారం నాయనా నేనూ బస్సెక్కి ధర్మవరం పోయినాము. మధ్యాన్నం మెస్సు ముందర వేపచెట్టు కింద అంబాసిడరు నిలబడి ఉండింది. దాని ఎడమ తలుపు సరిగా పడదు, కొంచెం ఎత్తి లాగితే వస్తాది. ఆ కిటుకు తెలిసినోడు లోకంలో మా నాయన ఒక్కడే. లాగి, తన సీట్లో కూర్చొని, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. నన్ను వెనక కూర్చోమన్నాడు. కాసేపటికి పెద్దనాయన ఆకువక్క నమలుకుంటా, చంకలో చీరల మూటతో వచ్చి, కిటికీలోంచి చూసి నిలిచిపోయినాడు.

"ఏమిరా, ఈడ కూర్చున్నావు?"

"పాటలు వినేకి వచ్చినా."

"ఎవరి పాటలు?"

"నావే. కాగితం చూపించాల్నా?"

"మరి కారెవరిది?"

"నీదే. నువ్వు తోలుకో, ఎవరొద్దన్నారు? నా పాటలు నేను వింటా. ఇంట్లో ఇవి బాగలేవు."

పెద్దనాయన నా వైపు చూసి, "పాపా, ఏమంటాండాడు వీడు?" అన్నాడు. నేను కిటికీలోంచి అవతలికి చూసినాను. "అవి నా చెవుల్లో గూడా పడతాయి గదరా" అన్నాడు మళ్లా. నాయన ముందరికే చూస్తా, "పడితే పడనీ. చెవుల సంగతి కాగితంలో ఏమీ రాయలే" అన్నాడు.

పెద్దనాయన ఒక నిమిషం నిలబడి ఆలోచించినాడు. నిజంగానే ఆ కాగితంలో ప్రతి మాటా మనసులో చదువుకున్నాడనుకుంటా. తర్వాత మూట నా పక్కన పెట్టి, ఎక్కి కూర్చొని, కారు తీసినాడు. నాలుగు పాటలు అయిపోయినాయి. చేలు వచ్చినాయి. ఒక చోట గట్టు పక్కన పచ్చని చేన్లో రెండు చక్రాల జాడ కొత్తగా కనపడింది. నాయన చూసినాడు, పెద్దనాయన చూడనట్ల తోలినాడు. అయిదో పాట మొదలైంది. ఆ నవ్వేవాని పాట. పెద్దనాయన చక్రం గట్టిగా పట్టుకున్నాడు, మెడ ఎర్రబడింది, పాడేవాడు నవ్వినాడు, మళ్లా నవ్వినాడు. ఇంగ పట్టలేక కిటికీలోంచి తుపుక్కున ఉమ్మి, "తీయిరా దాన్ని! అయిదు వారాలుగా నా చెవులు సుఖంగా ఉన్యాయి!" అని అరిచినాడు. నాయన తీయలేదు. "నా పాటలు, నా ఇష్టం" అన్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకొని పైపంచెతో కండ్లు తుడుచుకుంటాంటే వెనక నుంచి నాకు అద్దంలో కనపడింది. ఆ తిట్లు వింటా ఆయన ఏడ్చినంత సంతోషంగా ఎవరైనా ఏడుస్తారని నాకు అంతకు ముందు తెలీదు.

తర్వాత ఎన్ని బేస్తవారాలో. కారు అన్నదే, పాటలు తమ్మునివే, కాగితంలో ఒక్క అక్షరం మారలేదు. నాయన మోకాళ్లు మొరాయించినాక కూడా ఆ సీటు వదల్లేదు. ఆయన పోయి నాలుగేండ్లయింది. నా భాగానికి ఈ పెన్‌డ్రైవు వచ్చింది, మా అన్నలు సంతకం పెట్టి ఇమ్మంటారేమోనని నేను తమాషాకు అంటే ఎవరూ నవ్వలేదు. పెద్దనాయన తోలడం మానుకున్నాడు. అంబాసిడరు ఆయన వాకిట్లోనే ఉండాది, దాంట్లో కోళ్లు గుడ్లు పెడతాయి.

మొన్న బేస్తవారం తన మనవరాలి పెండ్లి చీరలకు ధర్మవరం పోదాం పదమని పెద్దనాయన ఫోను చేసినాడు, అదే ట్రింగు ట్రింగు ఫోను నుంచి. కొత్త కార్లో ఆయన్ను ఎక్కించుకున్నాను. ఎనభై దాటిన మనిషి, వద్దంటున్నా ముందర ఎడమ సీట్లోనే కూర్చున్నాడు. చీరలు చూసినాము, అదే మెస్సు పేరు మారింది గానీ ముద్ద మారలేదు, కడుపునిండా తిన్నాము. తిరిగొచ్చేటప్పుడు హైవే ఎక్కినాక ఏసీ చల్లగా, దావ నున్నగా, నా కండ్లు మూతలు పడబట్టినాయి. రెప్పలు బలవంతంగా తెరుస్తా ఉంటే, జీవితంలో ఒక బటను నొక్కి ఎరగని మా పెద్దనాయన చెయ్యి చాపి తెర మీద వేలు పెట్టినాడు. వాపసు మీద గాదు. పైనున్న 'పెనుకొండ దాకా' అనే పేరు మీద. వెతికి వెతికి ఒక పాట నొక్కినాడు. తాళాలు మోగినాయి, భజన గుంపు అందుకొని మొదటి ముక్క మూడుతూర్లు పాడింది.

"పెద్దనాయనా, తీయి దాన్ని! పొద్దున్న పాట ఇప్పుడెందుకు?" అని అరిచినాను.

"తీయను" అన్నాడు ముందరికే చూస్తా. "నీకు కోపం వచ్చిందా, నిద్ర పోయిందా?"

"నీకు తెలుసా?" అని అడిగినాను. "ఆ అయిదు వారాలు ఒక్కన్నే తోలినప్పుడు తెలిసింది పాపా, వాడు పక్కన కూర్చొని ఏం చేసినాడో" అన్నాడు. "మరి నాయనకు ఒక్క మాట చెప్పలేదే?" అంటే, "ఎట్ల చెప్పేది? చెప్తే నాకు కోపం రాదని ఆ పాటలు తీసేస్తాడేమోనని భయపడినా" అన్నాడు. ఆ తత్వం ఏడు నిమిషాలు. చిన్నప్పుడు పెనుకొండ వచ్చినా అయిపోయేది కాదు. మొన్న పెనుకొండ కొండ కనపడకముందే అయిపోయింది.